మెడ దెబ్బ తిన్నాక రోడ్ బైక్: ఏ ఫ్రేమ్ తీసుకోవాలి?

గండిపేట_గాలి
పోయిన జూన్‌లో ఆఫీసు నుంచి వస్తుంటే వెనక నుంచి ఆటో గుద్ది, స్కూటర్ మీంచి పడ్డాను. హెల్మెట్ ఉంది కాబట్టి తలకేం కాలేదు. మెడే దెబ్బతింది. ఎంఆర్ఐలో మెడ ఎముకలు సీ5-సీ6 మధ్య డిస్క్ ఉబ్బి కుడివైపు నరాన్ని ఒత్తుతోందని తేలింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. నాలుగు నెలలు ఫిజియో, ఆరు నెలలు సైకిల్ బంద్. ఈమధ్యే డాక్టర్ గారు మెల్లగా మొదలుపెట్టుకోమన్నారు.

నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న రేస్ ఫ్రేమ్, 54 సైజు. సీటు కంటే హ్యాండిల్ 8 సెంటీమీటర్లు కిందుంటుంది. టైర్లు 25 మిల్లీమీటర్లవి. నార్సింగి నుంచి సోలార్ ట్రాక్ (సోలార్ పలకల కప్పున్న సైకిల్ దారి) ఎక్కితే 10 కిలోమీటర్లకే మెడ వెనక పట్టేస్తోంది. 15 దాటితే కుడి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతున్నాయి. దిగి ఐదు నిమిషాలు నిలబడితే తగ్గుతుంది. మళ్లీ ఎక్కితే మళ్లీ వస్తుంది.

వయసు 43, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 74 కిలోలు. బడ్జెట్ లక్ష. షాపులో హైబ్రిడ్, అంటే తిన్నటి ఫ్లాట్ హ్యాండిల్ ఉన్న సైకిల్ కొనమన్నారు. ఇంట్లో అసలు సైకిలే అమ్మేయమంటున్నారు. నాకు మాత్రం కొమ్ముల్లా కిందికి వంగిన డ్రాప్ హ్యాండిల్ వదలాలని లేదు. పదేళ్లుగా ఆదివారం పొద్దున ఐదింటికి లేచేది దాని కోసమే. మెడ బాగాలేకపోయినా రోడ్ బైక్ నడుపుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏ ఫ్రేమ్ వాడుతున్నారు?

హైబ్రిడ్_హేమ
షాపువాళ్లు చెప్పింది నిజమే. నాకు సర్వైకల్ స్పాండిలోసిస్ వచ్చి ఐదేళ్లయింది. ఫ్లాట్ హ్యాండిల్‌కి మారాక ఒక్కరోజు కూడా మెడకి పట్టీ పెట్టుకోలేదు. డ్రాప్ హ్యాండిల్ మీద ప్రేమ నాకూ ఉండేది. మెడ కంటే ఎక్కువా?

కృష్ణలంక_కుర్రాడు
కార్బన్ ఫ్రేమ్ తీసుకోండి అన్నా. అదుర్లన్నీ అదే మింగేస్తుంది.

స్పోక్_సుబ్బు
తమ్ముడూ, లక్షలో కొత్త కార్బన్ ఎక్కడొస్తుంది? వచ్చినా ఆయన బాధ అది తీర్చదు. ఇరవై రెండేళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నాను. మెడ నొప్పితో వచ్చినవాళ్లలో ఫ్రేమ్ దేంతో చేశారన్నదాని వల్ల బాధపడ్డవాడిని ఒక్కడిని చూడలేదు. గాలి ఎక్కువ కొట్టినవాళ్లనీ హ్యాండిల్ దూరమైనవాళ్లనీ మాత్రం రోజూ చూస్తాను.

గాలి గారూ, ముందు మెడ ఎందుకు నొప్పి పుడుతోందో చూద్దాం. ఒళ్లు ముందుకి వంగినకొద్దీ ముఖం నేల వైపు తిరుగుతుంది. రోడ్డు కనపడాలి కాబట్టి తల వెనక్కి విరిచి చూస్తాం. నాలుగున్నర, ఐదు కిలోల తల, దాని మీద పావు కిలో హెల్మెట్. గంటసేపు ఆ బరువంతా మెడ వెనక కండలే మోయాలి. దెబ్బ తిన్నది కూడా అక్కడే కదా, అలా విరిచినప్పుడు నరం దారి ఇంకా ఇరుకవుతుంది. కాబట్టి ఏ బ్రాండ్ అన్నది తర్వాత. మెడ ఎంత విరుస్తున్నారన్నది ముందు.

ఫ్రేమ్ కొలతల పట్టికలో రెండు అంకెలే చూడండి. స్టాక్ అంటే పెడల్ ఇరుసు నుంచి హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఉండే ఫ్రేమ్ ముందు గొట్టం) పై అంచు దాకా నిలువు ఎత్తు. రీచ్ అంటే ఆ రెండింటి మధ్య అడ్డ దూరం. మీ సైజులో రేస్ ఫ్రేమ్ స్టాక్ 540 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఎండ్యూరెన్స్ ఫ్రేములో, అంటే ఎక్కువ దూరాలు హాయిగా తొక్కడానికి చేసినదాంట్లో, 570, 580 దాకా వస్తుంది, రీచ్ ఓ సెంటీమీటర్ తగ్గుతుంది. ట్రెక్ డొమానే, జెయింట్ డిఫై, కానన్‌డేల్ సినాప్స్, స్పెషలైజ్డ్ రూబే, ఇవన్నీ ఆ కోవకి చెందినవే. డెకాత్లాన్ ట్రైబాన్ కూడా నిటారుగా కూర్చోబెట్టే రకమే. మీ బడ్జెట్‌కి అల్యూమినియం ఎండ్యూరెన్స్ ఫ్రేమ్ కొత్తది కానీ పాతది కానీ దొరుకుతుంది.

కానీ కొనేముందు ఉన్నదాన్ని మార్చి చూడండి. ఇప్పుడున్న స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేముకి కలిపే ముక్క) ఎంత? దాని కింద స్పేసర్లు, అంటే ఎత్తు కోసం వేసే రింగులు, ఎన్ని ఉన్నాయి?

ఫిజియో_పద్మ
స్టెమ్ సంగతి సుబ్బు గారు చూసుకుంటారు, నేను వేళ్ల గురించి చెప్తాను. బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కడం సీ5-సీ6 దగ్గర ఒత్తిడి పడే నరం దారికి సరిగ్గా సరిపోతుంది. సైకిల్ తొక్కేవాళ్లలో చాలామందికి చిటికెనవేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి. అది ఎక్కువసార్లు అరచేయి అంచున హ్యాండిల్ నొక్కుకోవడం వల్ల వస్తుంది, మెత్తటి గ్లవ్స్‌తో, చేతులు మార్చి పట్టుకోవడంతో తగ్గుతుంది. మీది అది కాదు. గ్లవ్స్ మార్చి ఊరుకోవద్దు.

ఇంకో మాట. నడకలో తూలు రావడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, చేతిలో వస్తువులు జారిపోవడం, మూత్రం మీద అదుపు తగ్గడం. వీటిలో ఏ ఒక్కటి కనపడినా సైకిల్ పక్కనపెట్టి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

గండిపేట_గాలి
పద్మ గారూ, అవేవీ లేవు. వేళ్లు మాత్రమే, అదీ సైకిల్ మీదే.
సుబ్బు గారూ, స్టెమ్ 100 మిల్లీమీటర్లు, మీద 6 డిగ్రీలు అని రాసుంది, కిందికి వంచి బిగించారు. స్పేసర్ ఒకటే, 5 మిల్లీమీటర్లది. స్టెమ్ పైన ఖాళీ లేదు.

స్పోక్_సుబ్బు
పాత యజమాని స్టీరర్ ట్యూబ్‌ని, అంటే స్టెమ్ బిగించే ఫోర్క్ గొట్టాన్ని, పొట్టిగా కోయించేశాడన్నమాట. కోసినదాన్ని అతికించలేం, స్పేసర్లు పెంచే దారి మూసుకుపోయింది. స్టెమ్ ఒకటే మిగిలింది.

అదే స్టెమ్‌ని తిరగేసి బిగిస్తే హ్యాండిల్ 2 సెంటీమీటర్లు లేస్తుంది. ఖర్చు లేదు. 80 మిల్లీమీటర్ల, 17 డిగ్రీల స్టెమ్ కొని పైకి ఉండేలా వేస్తే రెండున్నర సెంటీమీటర్లు లేచి, మూడు సెంటీమీటర్లు దగ్గరకొస్తుంది. మీ 8 కాస్తా ఐదున్నర అవుతుంది. బోల్టులు చేతి అంచనాతో బిగించొద్దు. స్టెమ్ మీద రాసిన అంకె చూసి టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే పానా)తో బిగించండి. స్టీరర్ కార్బన్‌దైతే మరీ జాగ్రత్త.

25 టైర్లలో గాలి ఎంత కొడుతున్నారు?

గండిపేట_గాలి
100 పీఎస్ఐ. టైరు పక్కన 120 దాకా అని ఉంది.

స్పోక్_సుబ్బు
పక్కన రాసింది దాటకూడని హద్దు, కొట్టాల్సిన గాలి కాదు. మీ బరువుకి 80, 85 చాలు. ఫ్రేములో 28 పడితే అది వేసి ఇంకా తగ్గించండి. 32 టైరైతే 60 లోపే హాయిగా నడుస్తుంది.

కృష్ణలంక_కుర్రాడు
నేనూ 110 కొడుతున్నాను అన్నా... బ్యారేజీ మీద అతుకుల దగ్గర పళ్లు కదిలిపోతున్నాయి. రేపే తగ్గిస్తా.

రాండోన్యూర్_600
మెడ నొప్పి మొదట్లో అందరికీ ఉంటుంది. కొంచెం ఓర్చుకుని దూరం పెంచుకుంటూ పోతే కండలు అలవాటు పడతాయి. నేను 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సవారీ) మొదటిసారి చేసినప్పుడు చివరి 60 కిలోమీటర్లు మెడ తిప్పలేకపోయాను. రెండేళ్లలో 600 పూర్తిచేశాను.

ఫిజియో_పద్మ
గట్టిగా కాదంటున్నాను. అలసిన కండ నొప్పి వేరు, నరం నొక్కుకుంటే వచ్చే తిమ్మిరి వేరు. కండ ఓర్చుకుంటే బలపడుతుంది. నరం ఓర్చుకుంటే దెబ్బతింటుంది. ఆయనకి 15 దగ్గర తిమ్మిరి వస్తోందంటే 10 దగ్గరే దిగాలి. రెండు వారాలు తిమ్మిరి లేకుండా 10 తొక్కాకే 12. మీ 600 మీద నాకు గౌరవం ఉంది, కానీ ఈ సలహా డిస్క్ ఉబ్బినవాళ్లకి కాదు.

రాండోన్యూర్_600
ఒప్పుకుంటాను. నరం సంగతి నేను ఆలోచించలేదు.

ఓర్చుకోమన్నాను కాబట్టి ఓర్చుకుంటే ఏమవుతుందో చూసింది కూడా చెప్పాలి. 600కి గడువు 40 గంటలు. మాతో వచ్చిన ఒకాయనకి 450 దగ్గర మెడ కండలు పూర్తిగా చేతులెత్తేశాయి. నొప్పి కాదు, తల నిలబడలేదు. గడ్డం ఛాతీకి ఆనిపోయింది. ఎడమచేత్తో గడ్డం పట్టుకుని ఒంటిచేత్తో తొక్కడం మొదలుపెట్టాడు. ఇంకొకరు పాత ట్యూబ్ ముక్కతో హెల్మెట్‌ని వీపు సంచికి కట్టబోయారు. నేను వద్దన్నాను. లారీలు తిరిగే హైవే, చీకటి. దాబా దగ్గర ఆపి కారు పిలిపించాం. దీనికి షెర్మర్స్ నెక్ అని పేరుంది. 1983లో అమెరికాను అడ్డంగా దాటే రేసులో మైఖేల్ షెర్మర్ అనే ఆయనకి ఇలాగే అయింది, ఆయన పేరే పెట్టారు. మామూలు మనుషులకి 20, 30 కిలోమీటర్లలో ఇది రాదు, భయపడకండి. కానీ మెడకీ హద్దుందని ఆ రాత్రి చూశాను.

బీచ్‌రోడ్డు_బాబాయ్
నాకు 61. నాలుగేళ్ల క్రితం మెడకి ఆపరేషన్ అయింది, రెండు ఎముకలు కలిపి ప్లేటు వేశారు. ఇప్పుడు వారానికి మూడు రోజులు ఆర్‌కే బీచ్ నుంచి భీమిలి వైపు డ్రాప్ హ్యాండిల్ మీదే వెళ్తున్నాను. కాబట్టి అబ్బాయీ, వదలక్కర్లేదు.

కానీ హేమమ్మకి నాదొక అనుభవం చెప్పాలి. ఆపరేషన్ అయ్యాక భయంతో పూర్తిగా నిటారుగా కూర్చునే సైకిల్ కొన్నాను. హ్యాండిల్ సీటు కంటే జానెడు ఎత్తు. మెడ విరవక్కర్లేదు, నిజమే. కానీ ఒళ్లు బరువంతా సీటు మీదే. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగితే దెబ్బ నడుం నుంచి వెన్ను వెంట నేరుగా పుర్రెకి తగిలేది. రుషికొండ దగ్గర ఎత్తుపల్లాల్లో ఎదురుగాలికి తెరచాపలా నిలబడి తొక్కాలి. మూడు నెలలకి నడుం పట్టింది. తర్వాత ఎండ్యూరెన్స్ ఫ్రేమ్ తీసుకుని హ్యాండిల్ సీటుతో సమంగా పెట్టించాను. కొంచెం వంగితేనే చేతులు, కాళ్లు, సీటు తలా ఇంత బరువు పంచుకుంటాయి. మోచేతులు మడిచి ఉంచితే అవే స్ప్రింగులు.

హైబ్రిడ్_హేమ
జానెడు ఎత్తంటే అది హైబ్రిడ్ కాదు బాబాయ్, పాలవాళ్ల సైకిల్! నాది కూడా సీటుతో సమంగానే ఉంటుంది. అంటే మనిద్దరం ఒకే ఎత్తులో కూర్చున్నాం, పట్టుకునే కొమ్ములే తేడా. కొంచెం వంగాలన్నదాంతో నాకూ పేచీ లేదు.

బీచ్‌రోడ్డు_బాబాయ్
అవునమ్మా, అంతే. కానీ ఆ కొమ్ముల్లోనే ఉంది. డ్రాప్ హ్యాండిల్‌కి చేతులు పెట్టడానికి మూడు చోట్లుంటాయి. పది నిమిషాలకోసారి మారుస్తాను. కింది వంపు మాత్రం నాలుగేళ్లలో ముట్టుకోలేదు.

హైబ్రిడ్_హేమ
నేను ఫ్లాట్ హ్యాండిల్ చివర్లకి చిన్న కొమ్ములు పెట్టించుకున్నది అందుకే. సరే, డ్రాప్ మీద నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను.

కళ్లజోడు_శ్రీను
ఎవరూ కళ్లజోడు గురించి అనలేదు. నా మెడ నొప్పిలో సగం దానిదే. నాది ప్రోగ్రెసివ్ అద్దం, పైన దూరం చూపు, కింద దగ్గర చూపు. వంగి కూర్చున్నప్పుడు రోడ్డును అద్దం పై భాగంలోంచి చూస్తాం. నా కళ్లజోడు ఫ్రేమ్ పై అంచు సరిగ్గా రోడ్డుకి అడ్డం వచ్చేది, దాని కిందనుంచి చూడటానికి తెలియకుండానే గడ్డం ఇంకా ఎత్తేవాడిని. దూరం చూపుకి మాత్రమే పనికొచ్చేలా, పైన అంచు లేని పెద్ద అద్దాల జోడు ఒకటి వేరుగా చేయించుకున్నాను. సైకిల్‌కే వాడతాను. వారంలో తేడా తెలిసింది.

హెల్మెట్‌కి ముందు చూరులాంటిది ఉంటే అదీ తీసేయండి. అదీ అదే పని చేస్తుంది.

గండిపేట_గాలి
శ్రీను గారూ, ఇప్పుడే అద్దం ముందు వంగి చూసుకున్నాను. నా జోడు పై అంచు సరిగ్గా కళ్ల మధ్యకొస్తోంది! ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు.

ఫిజియో_పద్మ
శ్రీను గారు చెప్పింది నేను కూడా ఎవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా. రేపటి నుంచి చెప్తాను.

కేటీట్రయల్
డాలస్ నుంచి. నాకు సీ6-సీ7. నాది రూబే, హ్యాండిల్ కింద స్టీరర్‌లో స్ప్రింగ్ ఉంటుంది, 20 మిల్లీమీటర్లు కిందికీ పైకీ ఆడుతుంది. చేతులకి చాలా హాయి. కానీ డబ్బు పెట్టేముందు ఒకటి తెలుసుకోండి: స్ప్రింగ్ అదురు తగ్గిస్తుంది, మెడ వంపు తగ్గించదు. మొదటి రెండు నెలలు స్ప్రింగ్ ఉందికదా అని పొడుగు స్టెమ్‌తోనే తొక్కాను, నొప్పి అలాగే ఉంది. స్టెమ్ 20 మిల్లీమీటర్లు తగ్గించాకే తగ్గింది.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది అద్దం. వెనక బండి చూడటానికి తల తిప్పిన ప్రతిసారీ జివ్వుమనేది. హ్యాండిల్ చివర చిన్న అద్దం పెట్టుకున్నాను. ఇక్కడ ఎడమవైపు పెట్టుకుంటాం, మీకు కుడివైపు కావాలి.

స్పోక్_సుబ్బు
అద్దానికి నా ఓటు. వందల్లో దొరుకుతుంది.

వెంకటగిరి_వీల్స్
నేను చేసిన తప్పు చెప్తాను, ఇంకొకరు చేయకుండా. మెడ నొప్పి అంటే షాపులో "పెద్ద సైజు తీసుకోండి, హ్యాండిల్ ఎత్తుగా ఉంటుంది" అన్నారు. 54 సరిపోయేవాడికి 58 అంటగట్టారు. ఎత్తు పెరిగింది, కానీ దూరం కూడా పెరిగింది. చేతులు చాపి, మోచేతులు బిగదీసి తొక్కాను. ప్రతి గుంతా భుజాల్లోంచి మెడకే. చేతుల మీద బరువు తగ్గుతుందేమోనని సీటు ముక్కు కిందికి వంచాను. అది ఇంకా ఘోరం, ముందుకి జారిపోతూ చేతులతో వెనక్కి నెట్టుకోవాలి. ఏడాది తర్వాత సగం ధరకి అమ్మేశాను.

స్పోక్_సుబ్బు
ఈ రెండు తప్పులూ వారానికోసారి నా దగ్గరికొస్తాయి. సీటు లెవెల్‌గా పెట్టాలి. ముందు సీటు సరిచేసి, తర్వాతే హ్యాండిల్ జోలికి వెళ్లాలి.

కృష్ణలంక_కుర్రాడు
మా నాన్నగారికి మెడ నొప్పొస్తే డాక్టర్ గారు "బైక్ మానేయండి" అన్నారు. నాన్న మూడు నెలలు సైకిల్ ముట్టుకోలేదు. మోటార్ సైకిల్ మీద మాత్రం రోజూ ఆఫీసుకి వెళ్లారు. మళ్లీ చూపించుకోవడానికి వెళ్తే తెలిసింది, ఆయన మానేయమన్నది మోటార్ సైకిల్‌నట!

హైబ్రిడ్_హేమ
అయ్యో పాపం నాన్నగారు. మన భాషలో బైక్ అంటే పెట్రోలు పోసేదే మరి. డాక్టర్ దగ్గర "తొక్కే సైకిల్, వంగి తొక్కేది" అని చేసి చూపించాలి.

గండిపేట_గాలి
నేను ఫోనులో ఫొటో చూపించాను. "ఇంత వంగుతావా?" అన్నారు. అందుకే ఈ ప్రశ్న ఇక్కడిదాకా వచ్చింది. ఈ వారం స్టెమ్, గాలి, అద్దం, కళ్లజోడు చూస్తాను. ఫ్రేమ్ ట్రయల్ ఎలా చేయాలి? షాపువాళ్లు పార్కింగ్‌లో రెండు రౌండ్లు తిప్పనిస్తారు, అంతే. నాకు నొప్పి మొదలయ్యేది 10 కిలోమీటర్ల తర్వాత.

స్పోక్_సుబ్బు
రెండు రౌండ్లలో ఏ సైకిలైనా బాగానే ఉంటుంది. సైకిల్‌ని కదలకుండా స్టాండు మీద బిగించి, ఉన్నచోటే అరగంట తొక్కనివ్వమని అడగండి. పక్కనుంచి ఇంట్లోవాళ్లతో వీడియో తీయించండి. అందులో చెవికీ భుజానికీ మధ్య దూరం చూడండి. భుజాలు చెవుల దగ్గరకి లేచిపోతుంటే ఆ సైకిల్ మీకు పొడుగు. ఒప్పుకోని షాపు అయితే వదిలేయండి. టేపు తీసుకెళ్లి సీటు, హ్యాండిల్ ఎత్తులు మీరే కొలుచుకోండి.

ఫిజియో_పద్మ
గడ్డం లోపలికి లాగే వ్యాయామం మానలేదు కదా? రోజూ పది, రెండు పూటలా. ల్యాప్‌టాప్ ఎత్తు కూడా చూడండి. ఆదివారం గంట సైకిల్ కంటే మిగతా వారమంతా ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని వంగడమే మెడని ఎక్కువ పాడుచేస్తుంది.

గండిపేట_గాలి
ఏడు వారాల తర్వాత వస్తున్నాను. వరసగా చెప్తాను.

మొదట గాలి 85కి దించి, స్టెమ్ మార్చాను. సుబ్బు గారి లెక్క తప్పలేదు, తేడా ఐదున్నరకి వచ్చింది. తిమ్మిరి 15 నుంచి 21 కిలోమీటర్లకి జరిగింది. పద్మ గారి మాట ప్రకారం అంతదూరం వెళ్లకుండా 14 దగ్గరే ఆపుతూ వచ్చాను. కొత్త కళ్లజోడు వచ్చిన రోజు తేడా నాకే నమ్మబుద్ధి కాలేదు. రోడ్డు గడ్డం ఎత్తకుండానే కనపడింది.

తర్వాత రెండు ఎండ్యూరెన్స్ ఫ్రేములు స్టాండు మీద అరగంట చొప్పున తొక్కాను. మొదటిది బ్రాండ్ చూసి మనసు పడ్డది, కానీ వీడియోలో భుజాలు లేస్తున్నాయి. రెండోది అల్యూమినియం, మూడేళ్ల పాతది, స్టీరర్ కోయలేదు. అదే తీసుకున్నాను. 32 టైర్లు, 58 పీఎస్ఐ. హ్యాండిల్ సీటు కంటే ఒక్క సెంటీమీటర్ కింద. బడ్జెట్‌లో మిగిలింది కూడా.

నిన్న ఆదివారం నార్సింగి నుంచి కొల్లూరు, మళ్లీ వెనక్కి. 29 కిలోమీటర్లు. మధ్యలో రెండుసార్లు దిగాను. తిమ్మిరి రాలేదు. మెడ ఎడమపక్క కొంచెం పట్టింది, సాయంత్రానికి పోయింది. ఇంటికొచ్చి మా ఆవిడకి బొటనవేలు, చూపుడువేలు ఆడించి చూపించాను. అమ్మేయమన్న మనిషే "వచ్చే ఆదివారం నేనూ వస్తా" అంది.

బీచ్‌రోడ్డు_బాబాయ్
అమ్మాయిని కూడా తీసుకుని విశాఖ రా అబ్బాయీ. భీమిలి దాకా నేను తీసుకెళ్తాను. టిఫిన్ నాది.

ఫిజియో_పద్మ
ఎడమపక్క పట్టింది కండే అయ్యుంటుంది. అయినా వచ్చే వారం 29కి మించొద్దు.

గండిపేట_గాలి
మించను. పాత రేస్ ఫ్రేమ్ అమ్మాలనుకుంటున్నాను, 54 సైజు. మెడ బాగున్నవాళ్లకే ఇస్తాను.

కృష్ణలంక_కుర్రాడు
నాది 5 అడుగుల 7, మెడ బ్రహ్మాండంగా ఉంది. ఫొటోలు పెట్టండి అన్నా.

స్పోక్_సుబ్బు
తమ్ముడూ, ఆ స్టీరర్ కోసేసి ఉందని పైన చదివావు కదా? కొనేముందు ఒకసారి స్టాండు మీద అరగంట తొక్కి చూడు.